వియ్యపురాలి గుమ్మానికి పచ్చ దీపం

రోజు 1. దీపం: ఎరుపు

కింద నుంచి వచ్చే వైద్యం పిల్ల హైమ నాకొక నోట్‌బుక్ ఇచ్చింది. అలుపు ఎలా ఉందో రోజూ రెండు ముక్కలు రాయాలట. "ఎక్కువ రాయకండి తాతా, చదివే తీరిక నాకుండదు" అని ముందే చెప్పింది. చదవనని చెప్పి రాయమనే మనిషి దొరకడం అదృష్టం. నేను ఐదో తరగతి చదివాను. అదే తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి ఆరు అనుకున్నా తప్పు లేదు.

నా పేరు సూరాడ ఎల్లాజీ, డెబ్బై రెండేళ్ళు. రెండేళ్ళ కిందట ఎడమ పక్కకి వాతం వచ్చింది. మొదట కాలు తిరిగొచ్చింది, తర్వాత చెయ్యి, అన్నిటికన్నా ఆఖర్న మాట. ఆ ఆఖరిది ఇంకొన్నాళ్ళు ఆగి రావాల్సిందని మా కోడలు అప్పలకొండ అభిప్రాయం. చూసేవాళ్ళకి గుండ్రాయిలా ఉంటాను. లోపల మాత్రం సగం పొద్దుకే ఒంట్లో దీపం కొడిగడుతుంది. చెయ్యి లేవకపోతే నలుగురికీ కనబడుతుంది గానీ అలుపు ఎవరికి కనబడుతుంది? అందుకని కింద మైదానం నుంచి బిళ్ళలు పంపించారు.

బిళ్ళ చింతగింజంత ఉంటుంది, జబ్బకి అంటిస్తారు. మన నెత్తురులో అలుపు తాలూకు గుర్తులేవో తిరుగుతుంటాయట. వాటిని లెక్కపెట్టి గుమ్మం మీద దీపానికి చెబుతుంది. ఎర్రగా వెలిగితే మనిషి అలిసిపోయాడని అర్థం, అతనికి ఎవరూ పని చెప్పకూడదు. పచ్చగా వెలిగితే బాగున్నాడని అర్థం, వంతు పనికి పోవాలి.

ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయి లేచేసరికి నా దీపం ఎర్రగా ఉంది. అప్పలకొండ గంటి జావ పట్టుకొచ్చింది.

"తొంగుని లెగిసినోడికి అలుపేటి మావా?"

"కలలో కొండెక్కినానమ్మా."

"దిగినప్పుడు రెండు బిందెల నీలు తేకపోనావా."

జావ బాగుంది. ఉప్పు తక్కువ, కోపం సరిపోయింది.

రోజు 2. దీపం: ఎరుపు

మేము సముద్రం మీద బతికినవాళ్ళ సంతతి. మా తాతల కాలంలో సముద్రం ఊళ్ళోకి వచ్చింది, ఊరు నచ్చింది, ఉండిపోయింది. మా వాళ్ళు వలలు నెత్తిన పెట్టుకుని కొండెక్కారు. ఇక్కడ చేపలు లేవు, మబ్బులున్నాయి. వాటికే వల వేస్తాం. గుంజల మధ్య వల కడితే తెల్లవారుజామున మంచు కన్నుకన్నుకీ పట్టి, చుక్కలుగా దోనెలోకి కారుతుంది. కొండకంతటికీ అదే తాగునీరు. నాచు పట్టిన వల నీరు పట్టదు కాబట్టి రోజూ వలలు దింపాలి, దులపాలి, కడగాలి, తాళ్ళతో మళ్ళీ పైకి లాగాలి. ఎవరి వంతు ఎప్పుడో చెప్పే పెద్ద చోడిపల్లి కొర్లయ్య. పొద్దున్నే గుమ్మాల మీద దీపాలు చూసుకుంటూ వస్తాడు, కోడి కూయడానికి వచ్చినట్టు.

నా గుమ్మం దాటి పక్క గుమ్మం దగ్గర ఆగాడు. అది మా వియ్యపురాలు నూకాలు గది. అప్పలకొండ తల్లి. ఆవిడకి పోయినేడు కుడి పక్కకి వాతం వచ్చింది. అంతకుముందు ఇద్దరు మగాళ్ళు పట్టే తాడు ఒక్కతే లాగేది. ఇప్పుడు గడప మీద కూర్చుని ఉంది. దీపం పచ్చ.

"లెగాల నూకాలమ్మా" అన్నాడు కొర్లయ్య.

"ఒల్లు లెగడం నేదు బాబూ."

"దీపం లెగమంతంది."

"అయితే దీపాన్నే అట్టుకుపో."

వియ్యపురాల్ని ఆటపట్టించకపోతే పెళ్ళి పూర్తి కానట్టే అని మా వైపు లెక్క. మావాడి పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది, నేనింకా పూర్తి చేస్తూనే ఉన్నాను. "కొర్లయ్యా, మా వియ్యపురాలు మావిడికాయ. ముగ్గేత్తే ముగ్గదు, పండేత్తే పండదు. జన్మంతా పచ్చే" అన్నాను.

బిందెలతో పోతున్నవాళ్ళు కూడా ఆగి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నేను ఒకటంటే రెండు అంటించే మనిషి, గోడ పట్టుకుని లేచి, ఏమీ అనకుండా వలల వైపు వెళ్ళిపోయింది. నాకది నచ్చలేదు. తిరిగి తిట్టని మనిషిని ఎగతాళి చేయడం ఖాళీ బిందె మోయడం లాంటిది.

రోజు 4. దీపం: ఎరుపు

హైమ వచ్చి వేలికి సూది గుచ్చింది. ఈ పిల్లది కింద ఊరు. వారం పది రోజులకోసారి తీగ మీద తొట్టిలో కూర్చుని కొండెక్కుతుంది. కొండ మీద వాతం వచ్చినవాళ్ళం నలుగురం ఉన్నాం, నలుగురి నెత్తురూ పట్టుకుపోతుంది. దోమలైనా కాస్త వదిలిపెడతాయి.

"కిందవాళ్ళ కొలత మీకు పనికిరాదు తాతా. మీ గాలి వేరు, మీ నీళ్ళు వేరు. ఇక్కడివాళ్ళ నెత్తురులో గుర్తులు ఎంతుంటే ఎంత అలుపో ఇక్కడి మనిషే చెప్పాలి. మీరు చెప్పిన ఆ నలభై రోజుల లెక్క లేకపోతే ఈ దీపాలే లేవు" అంది.

నిజమే, ఈ కొండకి తూకపురాయి నేనే. అందరికన్నా ముందు వాతం తెచ్చుకున్న పుణ్యానికి నాకే మొదట బిళ్ళ అంటించారు. నలభై రోజులు ఈ పిల్ల కొండ మీదే ఉండి, రోజుకి మూడుసార్లు "పదికి ఎంత అలుపు తాతా?" అని అడిగేది. నా నోరు చెప్పిన అంకె, నా నెత్తురు చెప్పిన లెక్క పక్కపక్కన పెట్టి యంత్రానికి నేర్పారు. ఆ యంత్రమే ఇప్పుడు మిగతా ముగ్గురి నెత్తురూ తూస్తోంది.

"పగటేల తొంగుంటే నాకు అలుపు ఎక్కువైపోతంది తల్లీ" అన్నాను, సరదాకి.

పిల్ల గంభీరంగా తలూపింది. "వాతం తర్వాత వచ్చే అలుపు అలాంటిదే తాతా. అది పనికి సంబంధించింది కాదు, మెదడులో దెబ్బ తగిలినచోట నుంచి వస్తుంది. నిద్రపోయినా పోదు." అని రాసుకుంది కూడా. నేనేదో పరిహాసానికి అన్నది ఎవరో చదువుకున్నవాళ్ళు ముందే పుస్తకంలో రాసి పెట్టారట. నాకు చాలా గర్వంగా అనిపించింది.

రోజు 6. దీపం: పచ్చ

నిన్న సాయంత్రం మా వాడి స్నేహితులు వచ్చి వాళ్ళ మాటలతో నాకు నిద్ర లేకుండా చేశారు. లేచేసరికి తల ఇసక మూట, దీపం పచ్చ. కొర్లయ్య ముఖం చూడాలి, పండగ వచ్చినట్టుంది.

వలల దగ్గరికి పోయి రెండు గంటలు నాచు దులిపాను. ఎడమ చెయ్యి వణకడం మొదలెట్టింది. నాలిక మందమైంది. పక్కవాడిని బకెట్టు అడగాలి, ఆ పేరు ఎంతకీ గుర్తు రాలేదు. "అదిరా, నీలు పోసుకునే టోపీ" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. నేను పరిహాసమాడాననుకున్నారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాను?

కొర్లయ్య నా ఇంటి వైపు చూశాడు. ఆ దూరానికి కూడా నా దీపం లేత అరటాకులా మెరుస్తోంది. "సూసావా ఎల్లాజీ, పని సేత్తే కుర్రోడివైపోతన్నావు" అని ఇంకో వల అప్పగించాడు.

రోజు 8. దీపం: ఎరుపు

నిన్నంతా పడుకున్నాను. ఇవాళ హాయిగా ఉంది. అందుకని ఇవాళ ఎవరూ నాకు పని చెప్పలేదు.

నూకాలు మాత్రం ఉదయం దోనె దగ్గర వల కడుగుతూ నిలబడే నిద్రపోయింది. పట్టుకునేలోపు ముఖం నీళ్ళలో పడింది. లేపితే మళ్ళీ వల కడగడం మొదలుపెట్టింది, మధ్యలో ఏమీ జరగనట్టు. నీళ్ళ తొట్టి దగ్గర ఆడవాళ్ళు ఏమనుకున్నారో నా చెవిన పడింది. ఏసాలట. "మనిసి అబద్దం ఆడతాది గానీ నెత్తురు ఆడతాదేటి?" అని ఒకావిడ తీర్పు చెప్పింది.

వాళ్ళు అన్నారంటే సరే. ఇంటికొచ్చాక సొంత కూతురు అప్పలకొండ కూడా అడిగింది. "అమ్మా, నెత్తురు బాగుందంటంటే నీకేటి? సెప్పవే, మనసు బాగులేదా?"

నూకాలు చాట దగ్గరికి లాక్కుంది. "ఏం నేదమ్మా" అని ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. ఒక ఉల్లిపాయ సగంలోనే కత్తి పట్టుకుని కునుకు తీసింది.

సాయంత్రం కొర్లయ్య వచ్చి చెప్పిన మాట ఇది. ఈ నోట్‌బుక్ లెక్కలో ఇరవయ్యో రోజుకి దట్టమైన మబ్బుల కాలం మొదలవుతుంది, మనుషులు చాలరు. నూకాలు దీపం నెలరోజులుగా పచ్చగానే ఉంది కాబట్టి నియమం ప్రకారం ఆవిడ పేరు వాతం జాబితాలోంచి తీసేస్తారు. ఇరవయ్యో రోజు ఊళ్ళో పెద్ద వల లాగాక ఎగువ గట్టుకి వెళ్ళాలి. ఎగువ గట్టు మీద కాలు జారితే ఊళ్ళో పడరు, లోయలో పడతారు.

రోజు 9. దీపం: ఎరుపు

ఇవాళ నవ్వించే ముక్క రాయలేను. ప్రయత్నిస్తాను.

నూకాలు గడప మీద కూర్చుంటే పక్కన చేరాను. "వియ్యపురాలా, ఎగువ గట్టుకి పోతన్నావట. అక్కడి నుంచి మబ్బులకి నా దండాలు సెప్పు" అన్నాను.

"సెప్తాను బావా. దగ్గిరగానే ఎల్తాను కదా."

ఆ మాట అన్న గొంతులో వెక్కిరింత లేదు.

"నీకు ఎలగుంటాది బావా? నీకూ వచ్చిందే కదా" అని అడిగింది. "నాకయితే ఒల్లు తడిసిన వలలాగుంటాది. మోత్తన్నకొద్దీ బరువు. మాట తన్నుకొత్తాది, మద్దిలో పేరు పోతాది. మొన్న చీపురు పేరు పోనాది. గంట సేపు వొచ్చీనేదు. అలగుంటే దీపం సూత్తాను. పచ్చ. అప్పుడనుకుంటాను, నాకు పిచ్చి గావాల."

నాకు బకెట్టు గుర్తొచ్చింది. ఆ రోజు నా దీపం రంగు కూడా గుర్తొచ్చింది. తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నిద్రపోయి లేస్తే ఎరుపు. నిద్ర లేకపోతే పచ్చ. ఒళ్ళు హూనమైతే పచ్చ. జావ తాగి కాళ్ళు చాపుకుంటే ఎరుపు. వాతం వచ్చిన మా నలుగురిలో చిట్టెయ్య మంచం దిగి ఎరగడు, వాడి దీపం పెట్టిన నాటి నుంచీ నిప్పు కణిక.

అది యంత్రం తప్పు కాదు. నా తప్పు.

మాకో కట్టుబాటు ఉంది. వల తాడు చేతిలో ఉండగా అలిసిపోయాననే మాట అనకూడదు. అంటే ఆ మాట తాడు వెంట పాకి వలకి తగులుతుంది, వల కూడా అలిసిపోయి ఖాళీగా వస్తుంది. సముద్రం పోయినా మాకు ఆ భయం పోలేదు. ఆ నలభై రోజుల్లో హైమ వలల దగ్గరికి వచ్చి అడిగినప్పుడల్లా, కళ్ళు తిరుగుతున్నా సరే, "సున్నా తల్లీ, గుర్రంలాగున్నాను" అన్నాను. ఇంటికొచ్చి అడిగితే అప్పలకొండ ఏదో ఒక పని పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండేది. మధ్యాహ్నం నిద్రపోయి లేచి రాయిలా ఉన్నా "పది తల్లీ, పానం పోతంది" అని మూలిగేవాడిని. ఒకసారి పదకొండు అని కూడా చెప్పాను.

అంటే యంత్రానికి నేను నేర్పింది ఏమిటంటే, చచ్చేంత అలిసిపోతే మనిషి బాగున్నట్టు, బాగుంటే చచ్చేంత అలిసిపోయినట్టు. అది బుద్ధిగా నేర్చుకుంది. నా జన్మలో నేను చెప్పిన మాట అంత శ్రద్ధగా విన్నది అదొక్కటే.

రోజు 10. దీపం: పచ్చ

నిద్ర పట్టలేదు, కాబట్టి పచ్చ.

హైమ తొట్టి దిగగానే చెప్పేశాను. మొదటి నుంచి చివరి దాకా. పిల్ల కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"తాతా, పోయినసారి నా సంచిలో ఎండు పీతని పెట్టారు. అంతకుముందు కొర్లయ్యగారికి పెళ్ళి సంబంధం వచ్చిందని చెప్పి ఆయన చేత గడ్డం గీయించారు."

"అయ్యి వేరు తల్లీ. ఇది నిజం."

"సరే. మీరు అప్పుడు అబద్ధం చెప్పానని ఇప్పుడు చెబుతున్నారు. ఇప్పుడు చెప్పేది అబద్ధం కాదని నాకెలా తెలుస్తుంది?"

దానికి ఐదో తరగతిలో జవాబు లేదు, రెండోసారి చదివినప్పుడూ లేదు. "నోట్‌బుక్ సదువు, అన్నీ రాసినాను" అన్నాను. "రాసింది కూడా మీరే కదా తాతా" అంది. అయినా పిల్ల మంచిది, అడుగుతానంది. కొలత మార్చాలంటే కింద పెద్దల సంతకాలు కావాలట. ఒక్క మనిషి మాట మీద మార్చరట. ఒక్క మనిషి మాట మీద పెట్టారు గానీ మార్చరు.

రోజు 11. దీపం: పచ్చ

కొర్లయ్యకి చెప్పాను. ఆయన నవ్వలేదు. అది ఇంకా కష్టం.

"వియ్యపురాలిని తప్పించడానికి మంచి ఎత్తే ఏసినావు ఎల్లాజీ. ఆవిడే సెప్పిందా ఇలగ సెప్పమని?"

సాయంత్రానికల్లా ఊరంతా అదే మాట. నూకాలుకి ఇప్పటిదాకా ఏసాల పేరు ఒక్కటే ఉండేది, నేను ఎత్తుల పేరు కూడా తెచ్చిపెట్టాను. ఆవిడ నా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"నీ ఎటకారానికి ఈ కొండ మీద నానొక్కదాన్నే దొరికినానా బావా?"

"ఎటకారం కాదు వదినా."

"వదినా అంటన్నావంటే ఇదేదో పెద్ద ఎటకారమే" అని వెళ్ళిపోయింది.

రోజు 14. దీపం: ఎరుపు

రెండు రోజులు రాయలేదు. రాయనిచ్చే స్థితిలో ఉంచలేదు మా కోడలు.

అప్పలకొండ నా మాట నమ్మలేదు, అలాగని కొట్టిపారేయలేదు. చింతపండు కొనే ముందు నోట్లో వేసుకుని చూసే రకం. పన్నెండో రోజు నన్ను కోడి కూయకముందే లేపింది. పిండి విసిరించింది, కట్టెలు కొట్టించింది, బిందెలు మోయించింది, మోసిన నీళ్ళు పారబోసి మళ్ళీ మోయించింది. పొద్దు వాలేసరికి నేను గోడకి జారబడి నా పేరు గుర్తు చేసుకుంటున్నాను. ఆవిడ బయటికి పోయి దీపం చూసొచ్చింది.

"పచ్చ" అంది.

పదమూడో రోజూ, ఇవాళా నన్ను మంచం దిగనివ్వలేదు. పప్పు, నెయ్యి, నిద్ర. ఈ పరీక్ష నాకు నచ్చింది. ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ బయటికి పోయి చూసొచ్చింది. ఈసారి వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడింది.

"మావా" అంది, "నువ్వు నిజం సెప్పినావు."

ఆవిడ ముఖంలో ఆ భయం చూస్తే, ఇంట్లోకి పాము దూరిందని చెప్పినట్టుంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది. "మా అమ్మని నాను కూడా అడిగినాను మావా. మనసు బాగులేదా అని అడిగినాను."

కళ్ళు తుడుచుకుని లేచి కొర్లయ్య దగ్గరికి పోయింది.

రోజు 15. దీపం: ఎరుపు

ఇంటివాళ్ళ సాక్ష్యం చెల్లదన్నాడట కొర్లయ్య. "ఆవిడ కూతురు, నువ్వు వియ్యంకుడు. మీ ముగ్గురూ ఒక కుండలో కూడు తింటన్నారు." అప్పలకొండ ఊరుకునే మనిషి కాదు. అరుగు మీద కూర్చుని, నమ్మడానికి ఏం కావాలో చెప్పేదాకా కదలనని చెప్పిందట. చివరికి ఆయన చెప్పాడట.

"తాడు అట్టుకుని ఆడ్ని ఆ మాట అనమను. అందరి ముందరా. ఎల్లాజీ దేని మీదయినా ఎటకారం ఆడతాడు గానీ తాడు మీద ఆడడు."

అప్పలకొండ వచ్చి చెబితే కంచం పక్కకి జరిపాను.

నిజమే, ఆ కట్టుబాటుతో మాత్రం ఆడను. దేవుడి మీద ఆడాను. మా ఆవిడ బతికుండగా ఆవిడ మీద ఆడాను, పోయాక ఆవిడ ఫొటో మీద కూడా ఆడాను. నాకు వాతం వచ్చినప్పుడు కూడా తాడే నా చేతిలో ఉంది. ఎడమ పక్క చచ్చిపోతుంటే కుడి చేత్తో లాగుతూ, "ఎవులో నా సెయ్యి ఎత్తుకుపోనారు" అన్నాను తప్ప ఆ మాట అనలేదు. అందరూ నవ్వారు. నేను కింద పడ్డాక కూడా కాసేపు నవ్వారు.

పైగా ఇరవయ్యో రోజున లాగేది మబ్బుల కాలానికి మొదటి వల. ఆ రోజు వల ఖాళీగా వస్తే నాలుగు నెలలూ కొండకి నీళ్ళుండవని కొర్లయ్యే కాదు, నేనూ నమ్ముతాను.

రోజు 19. దీపం: పచ్చ

నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆలోచన కూడా పనే, దీపం ఒప్పుకుంది.

హైమ వచ్చింది, రేపటి దాకా ఉంటుందట. కింద నుంచి జవాబు రాలేదు. ఈ ఉదయం నూకాలు తన చీరలు మడత పెట్టి కూతురి పెట్టెలో పెడుతోంది. అందులో మంచిది ఒకటి తీసి, "ఇది నువ్వు కట్టుకో అప్పలకొండా" అంది. ఎగువ గట్టుకి పోయేవాళ్ళు సాయంత్రం ఇంటికే వస్తారు. చీరలు పంచిపెట్టి పోరు.

రోజు 20. దీపం: పచ్చ

పెద్ద వల రాత్రంతా మంచులో తడిసి, నాచుతో, గేదె బరువుంది. దింపి కడిగాం, అయినా సగం నాచు వదల్లేదు. పైకి లాగడానికి నలభై మందిమి తాడు పట్టాం. తాడు పైన కప్పీ మీంచి వంగి, కింద మా చేతుల్లోకి వస్తుంది. వల కింద నిలబడి కొర్లయ్య కేక పెడుతుంటాడు. పక్కనే హైమ, చూడ్డానికి వచ్చింది.

నాకు ముందు నూకాలు. తాడు జారిపోకుండా కుడి మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. ఆ చెయ్యి వణుకుతోంది. తాడు పొడుగునా ఆ వణుకు నా చేతికి తెలుస్తోంది.

వల సగం లేచింది. కొర్లయ్య నా వైపు చూశాడు. నేను మబ్బు వైపు చూశాను. కప్పీకి నూనె కావాలేమో అన్నాను. కాలికి రాయి గుచ్చుకుందన్నాను. నా వెనక అప్పలకొండ "మావా" అంది, అంతే.

నూకాలు మణికట్టు మీద చుట్టు బిగుసుకుని చర్మం తెల్లబడింది. ఆవిడ ఏమీ అనలేదు. తాడు మీదుంది కదా, అనదు.

"అలిసిపోనాను" అన్నాను.

చిన్నగానే అన్నాను. అయినా ఆ మాట పడగానే ముప్పై ఎనిమిది మంది ఒక్కసారి తాడు వదిలేశారు, తాడుకి నిప్పంటుకున్నట్టు. గేదె బరువున్న వల కిందికొచ్చి కొర్లయ్య మీదా హైమ మీదా పడింది. నేనూ నూకాలూ వదల్లేదు గనక ముందుకి ఈడ్చుకుపోయి ఒకరి మీద ఒకరం పడ్డాం. వియ్యంకులు అంత దగ్గరగా ఉండడం మా వైపు ఆచారం కాదు.

నాచు కింద నుంచి కొర్లయ్య గొంతు వినిపించింది.

"నిజమేనేట్రా?"

"నిజమే బాబూ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు. రోజూ. నలభై రోజులూ తాడు మీద సున్నా అన్నాను. సున్నా కాదు."

వల కాస్త కదిలింది. హైమ తల ఒక కంతలోంచి బయటికొచ్చింది, జుట్టు నిండా నాచు. "పదికి ఎంత తాతా?" అంది. వలలో పడినా ప్రశ్న మాత్రం మానలేదు.

నా గుమ్మం మీద దీపం అక్కడికి కూడా కనబడుతోంది, పచ్చగా, నిగనిగలాడుతూ.

"తొమ్మిది" అన్నాను. పిల్ల నా ముఖం చూసింది, తర్వాత దీపం చూసింది, మళ్ళీ నా ముఖం చూసింది. రాసుకోవడానికి కలం కోసం వలలోనే వెతుక్కుంది.

నూకాలు నేల మీదే కూర్చుని మణికట్టు చుట్లు విప్పుకుంటోంది. ఒక చేత్తో రావడం లేదు, అప్పలకొండ వచ్చి విప్పింది.

"నాకు పది" అంది నూకాలు. ఎవరూ అడగలేదు. "ఏడాదయింది. పది." అని అక్కడే, కడిగిన వల అంచు మీద తల పెట్టుకుని పడుకుంది. పడుకోవడం అంటే మనం పడుకున్నట్టు కాదు. దీపం ఆర్పినట్టు ఆరిపోయింది.

కొర్లయ్య వలలోంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. గడ్డం నిండా నాచు. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన నూకాలు దగ్గరికి పోయి, ఆవిడ తల కింద ఉన్న వల కొస మెల్లగా కోయించాడు. కొత్త కాలం మొదటి వలని కోయించిన పెద్ద ఈయన ఒక్కడే అయ్యుంటాడు. తర్వాత ఆవిడ ఉండాల్సిన చోట నిలబడి తాడు పట్టాడు. మిగతావాళ్ళు వచ్చి పట్టారు. ఈసారి కేక పెట్టలేదు. ముప్పై తొమ్మిది మంది మూగగా, పిల్లుల్లా, గేదె బరువున్న వలని పైకి లాగారు.

నన్ను తాడు ముట్టనివ్వలేదు. అరుగు మీద కూర్చోబెట్టి జావ ఇచ్చారు. అందులో ఉప్పు సరిపోయింది.

సాయంత్రం వల ఎంత నీరు పట్టిందో కొర్లయ్య దోనెలో కర్ర పెట్టి చూశాడు. పోయినేటికన్నా రెండు వేళ్ళు తక్కువ. అందరూ నా వైపు చూశారు. "కొస కోయించింది నాను, ఆడు కాదు" అన్నాడు కొర్లయ్య, ఎటో చూస్తూ.

నూకాలు పొద్దు గూకే వేళకి కళ్ళు తెరిచింది. గదిలో మంచం మీద ఉంది, ఎప్పుడు మోసుకొచ్చారో తెలీదు.

"నా వంతు ఎవులు సేసినారు?" అని అడిగింది.

"అందరూ లాగినారు వియ్యపురాలా. కేకలెయ్యడానికి కొర్లయ్యకి గొంతు నేదు. నీ గురకే తాళం ఏసినాది."

"నాకు గురక నేదు."

"నలభై మంది సాచ్చెం ఉన్నారు. కిందకి కూడా రాసి పంపిత్తందట హైమ."

ఆవిడ కళ్ళు చిన్నవి చేసి నన్ను చూసింది. ఇన్నాళ్ళ తర్వాత తిట్టడానికి ఊపిరి తీసుకోవడం చూశాను. "ఓరి నీ..." అని మొదలుపెట్టి, తిట్టు నోట్లో ఉండగానే మళ్ళీ నిద్రలోకి జారిపోయింది.

గుమ్మం మీద దీపం పచ్చగానే వెలుగుతోంది. కొలత మార్చడానికి ఇంకో నలభై రోజులు పడుతుందట. బయట కొర్లయ్య రెండు బిందెలతో వచ్చాడు, దీపం కేసి చూశాడు, చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు, బిందెలు గడప పక్కన చప్పుడు కాకుండా దింపి వెళ్ళిపోయాడు.